మామిడి తోపులో తెల్లవారుజాము పెళ్లి: తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆరుబయట వేడుకకు సమగ్ర మార్గదర్శి

కల్యాణ మండపానికి కట్టే అద్దెలో గట్టి నేల, కప్పు, నీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, వంటగది, బండ్లు నిలిపే చోటు అన్నీ కలిసే వస్తాయి. తోపులో పెళ్లి అనుకున్న రోజే ఇవన్నీ మన నెత్తిన పడతాయి. బోహో (ఆరుబయట, సాదాసీదా అలంకారంతో చేసే) పెళ్లి పేరుతో ఫోనులో తిరిగే ఫోటోల్లో చాపలు, లాంతర్లు, గాలికి ఊగే బట్టలు కనిపిస్తాయి. చెట్ల వెనక నిలబెట్టిన నీళ్ల ట్యాంకరు కనిపించదు. హాయిగా జరిగినట్టు కనిపించే పెళ్లికి తెరవెనక పనే ఎక్కువ. అందుకే ఇక్కడ నేల, నీళ్లు, వెలుతురు ముందు వస్తాయి, అలంకారం తర్వాత వస్తుంది. డబ్బు కూడా అదే వరసలో ఖర్చుపెట్టాలి. అలంకారం మొత్తంలో ఐదోవంతు దాటితే మిగతాచోట ఎక్కడో కోత పడిందని అర్థం.

లెక్కలన్నీ 250 మంది అతిథులకు వేసినవి. వారిలో ముహూర్తానికి 80 మంది దగ్గరివాళ్లు వస్తారు, మిగతావాళ్లు ఉదయం టిఫిన్‌కు, మధ్యాహ్నం భోజనానికి వస్తారు. ఈ విభజన ముఖ్యం. తెల్లవారుజామున 4:30 ముహూర్తానికి 250 మందిని చీకట్లో పొలం దారిన రప్పించబోతే సగంమంది రారు, వచ్చినవాళ్లు విసుక్కుంటారు. శుభలేఖలోనే రెండు సమయాలూ విడివిడిగా వేయించండి.

మొదటి మెట్టు: నెల, ముహూర్తం

ఈ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కార్తీకంలో ముహూర్తాలు బాగుంటాయి గానీ 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో చూసినవాళ్లెవరూ ఆ నెలలో ఆరుబయట పెళ్లి పెట్టుకోరు. ఆపైన ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా తోపులో కాయ ఉంటుంది. మిగిలింది మాఘం, ఫాల్గుణం, అంటే దాదాపుగా ఫిబ్రవరి నుంచి మార్చి మధ్య వరకు. తెల్లవారుజాము చల్లగా ఉంటుంది, వాన భయం తక్కువ, మామిడి పూతమీదో పిందెమీదో ఉంటుంది.

గురు, శుక్ర మూఢాలు ఆ నెలల్లో పడ్డాయేమో ముందే చూసుకోండి. పంతులుగారిని ఒక్క ముహూర్తం కాకుండా మూడు అడగండి. వాటిని రథసప్తమి, మహాశివరాత్రి, శ్రీనివాసమంగాపురం బ్రహ్మోత్సవాల తేదీలతో సరిచూడండి. రథసప్తమికి తిరుపతిలో గదులు దొరకవు. శివరాత్రికి శ్రీకాళహస్తి దారి కిక్కిరిసిపోతుంది. మంగాపురంలో వాహనసేవలు నడుస్తుంటే చంద్రగిరి వైపు తోపుకు చేరడం ఇబ్బంది. చెన్నై, బెంగళూరు నుంచి వచ్చే చుట్టాలకు ఈ సంగతి తెలియదు, మీరే చూడాలి.

చిత్తూరు వైపు ముందురోజు రాత్రి రిసెప్షన్, తెల్లవారి ముహూర్తం పెట్టుకునే అలవాటు ఎటూ ఉంది. తోపు పెళ్లికి అది సరిగ్గా సరిపోతుంది.

రెండో మెట్టు: తోపు ఎంచుకోవడం

పాత పద్ధతిలో 10 మీటర్ల ఎడంతో నాటిన తోపు కావాలి. అందులో ఎకరాకు 40 చెట్లుంటాయి, రెండు వరసల మధ్య 33 అడుగుల చోటు దొరుకుతుంది. కొత్తగా 5 మీటర్ల ఎడంతో వేసిన దట్టమైన తోటల్లో మండపం కాదుగదా, నాలుగు కుర్చీలు వేయడమే కష్టం. ఎకరంన్నర కావాలి. అందులో మూడోవంతు ఎకరం చెట్లు లేని ఖాళీ జాగా అయితే దాదాపు 60 కార్లు పడతాయి. కారుకు దారితో కలిపి 250 చదరపు అడుగులు వేసుకోండి.

తోపు చూడటానికి మధ్యాహ్నం వెళ్లి లాభం లేదు. ఒకసారి సాయంత్రం 7 గంటలకు, ఇంకోసారి తెల్లవారుజామున 4 గంటలకు వెళ్లండి. దోమలు, మంచు, దగ్గర్లోని కోళ్ల ఫారం వాసన, గ్రానైట్ క్వారీ టిప్పర్ల రొద ఆ వేళల్లోనే బయటపడతాయి. మండపం వేయదలచిన చోట ఒక అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి. వంట, జనరేటరు ఎటు పెట్టాలో అదే చెబుతుంది.

రైతుతో మాట్లాడాల్సినవి చాలామంది మరిచిపోతారు. పూత మీద తేనెమంచు పురుగు ఉంటే ఆకుల నుంచి జిగురు చుక్కలు రాలతాయి. పట్టుచీర మీద పడితే మరక తేలిగ్గా పోదు. ఒక తెల్లగుడ్డను చెట్టుకింద రాత్రంతా పరిచి ఉదయం చూడండి. జిగురు తగిలితే మండపం, కూర్చునే చోటు రెండింటికీ పైన బట్ట తప్పనిసరి. ఆ పురుగుకూ బూడిద తెగులుకూ రైతు మందు కొడతాడు. కొడితే పెళ్లికి 15 రోజుల ముందే కొట్టేయాలని, తర్వాత ఆగాలని ఒప్పందంలో రాసుకోండి. ఆకుల్ని కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు కొమ్మల్లో ఉన్నాయేమో తలెత్తి చూడండి. అవి ఉన్న చెట్టును వదిలి పక్క వరసకు జరగడమే మేలు.

పంటను ముందే గుత్తకు అమ్మేసి ఉంటే రైతు ఒప్పుకుంటే సరిపోదు, గుత్తదారు కూడా ఒప్పుకోవాలి. రాలిన పిందెకు పరిహారం ఎంతో ముందే తేల్చుకోండి.

టెంకాయ తోట అయితే పైనున్న కాయలు, ఎండుమట్టలు వారం ముందే దింపించాలి. ఇందులో రాజీ లేదు. శేషాచలం అడవికి ఆనుకున్న తోపులు, పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు దిగే కౌండిన్య అడవి అంచు తోపులు ఎంత అందంగా ఉన్నా వద్దు. రాత్రంతా అక్కడ మనుషులు పనిచేయాల్సి ఉంటుంది.

మూడో మెట్టు: నేల, నీళ్లు, కరెంటు

తోపు నేల దున్ని ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి పెద్దాయన కూర్చుంటే కాళ్లు దిగబడి వెనక్కి పడతాడు. మూడు వారాల ముందు గడ్డి, ముళ్లు తీయించి, నీళ్లు చల్లి, ఒకరోజు ఆరనిచ్చి ట్రాక్టరుతో రోలరు తిప్పించండి. వారం తర్వాత మళ్లీ అదే పని. పూతవేళ మామిడికి నీళ్లు పెట్టరు కాబట్టి నేల తొందరగా గట్టిపడుతుంది. పక్క చేలో డ్రిప్పు నడుస్తుంటే నాలుగు రోజుల ముందు ఆపించండి. బండి దిగే చోటి నుంచి మండపానికి నడక 150 అడుగులు దాటకూడదు. ఆ దారంతా కొబ్బరి నార పట్టా పరవాలి. కట్టెల మోపులు, రాళ్ల కుప్పలు పాములకు ఇళ్లు. వాటిని పెళ్లి ముందురోజు కదిలిస్తే లోపలున్నవి బయటకొచ్చి తిరుగుతాయి, రెండు వారాల ముందే తీసేయండి.

నీళ్ల లెక్క మనిషికి 20 లీటర్లు. తాగడానికి 3, చేతులు కడగడానికి 4, మరుగుదొడ్డికి 8, వంటకూ పాత్రలకూ 5. మొత్తం 5,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకరు. దాన్ని దింపి నిలవ ఉంచుకోవడానికి 1,000 లీటర్ల సింటెక్సు ట్యాంకులు ఐదు ఉండాలి. లేకపోతే ట్యాంకరు పెళ్లి అయ్యేదాకా అక్కడే నిలబడాలి, వాళ్లు నిలబడరు. తాగే నీళ్లు 20 లీటర్ల క్యాన్లు 45. మరుగుదొడ్లు 6, అందులో 4 ఆడవాళ్లకు. ఒకటి పెద్దవాళ్లకు కమోడ్ ఉన్నది తెప్పించండి. ప్రతిదానిలో పట్టుచీర తగిలించే కొక్కెం, అద్దం, లైటు ఉండాలి. మరుగుదొడ్ల దగ్గర చీకటి ఉందంటే మిగతా వెలుతురంతా దండగే.

వ్యవసాయ కనెక్షన్ నుంచి కరెంటు లాగొద్దు. అది పంపుసెట్టుకు ఇచ్చింది, వాడటం తప్పు, పైగా మనకు కావాల్సిన వేళ రాదు. విద్యుత్తు సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, లేదా జనరేటరు మీదే నడపండి. 5 వాట్ల బల్బులు 200కు 1 కిలోవాటు, వంటచోట, బండ్లచోట లైట్లకు అర, సౌండుకు ఒకటిన్నర, గ్రైండరుకు ఒకటిన్నర, నీళ్ల మోటారుకు ముప్పావు, పంకాలకు 1, కెమెరాలవాళ్లకు అర. కలిపితే 7 కిలోవాట్ల లోపే. 15 కేవీఏ జనరేటరు చాలు. కానీ గ్రైండరు, నీళ్ల మోటారు ఒకేసారి ఆన్ చేస్తే తొలి గుంజుడుకు లైట్లు ఆరిపోతాయి. మోటార్లు వేసే బాధ్యత ఒక్క మనిషికే ఇవ్వండి. జనరేటరు 100 అడుగుల దూరంలో, పొగ మనవైపు రాని దిక్కున ఉండాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) పెట్టిందాకా ఎలక్ట్రీషియన్‌ను వదలకండి. తెల్లవారుజామున మంచుకు జాయింట్లన్నీ తడుస్తాయి, పిల్లలు వైర్ల మధ్య తిరుగుతారు.

బల్బుల తీగలు 9 నుంచి 10 అడుగుల ఎత్తున, పసుపు వెలుగువి. తెల్ల ఎల్ఈడీ వెలుగులో పసుపు, కుంకుమ, మనుషుల మొహాలు మూడూ పాలిపోతాయి. చెట్లకు మేకులు కొట్టొద్దు. గోనెసంచి చుట్టి దాని మీద తాడు కట్టండి. లైట్లను మూడు వేర్వేరు లైన్లుగా విడగొట్టించండి. ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: మండపం

12 అడుగుల చదరం, 9 అంగుళాల ఎత్తు మట్టి అరుగు ఈ పెళ్లికి తగిన వేదిక. ఎర్రమట్టి దిమ్మిస కొట్టాక 108 ఘనపుటడుగులు రావాలంటే వదులుగా 140 దాకా కావాలి, రెండు ట్రాక్టర్లు చెప్పండి. పది రోజుల ముందు మట్టి పోసి, తడిపి, మూడు పొరలుగా దిమ్మిస కొట్టాలి. ఒకేసారి పోసి కొడితే పైన గట్టిగా, లోపల గుల్లగా ఉండి పీటల కింద కుంగుతుంది. పేడ అలుకు మూడు రోజుల ముందు ఒకసారి, ముందురోజు మధ్యాహ్నంలోపు ఇంకోసారి. సాయంత్రం అలికితే మంచుకు ఆరదు, పెళ్లికొడుకు తెల్లపంచె మీద పచ్చమరక ఫోటోలన్నిట్లో కనిపిస్తుంది.

సరుగుడు గుంజలు నాలుగు, 2 అడుగులు భూమిలోకి. అంచుల్లో 9 అడుగులు, నడుమ 11 అడుగుల ఎత్తు. అల్లిన టెంకాయ మట్టల కప్పు బాగుంటుంది, కానీ హోమగుండానికి సరిగ్గా పైన 4 అడుగుల చదరం వదిలేయాలి. గుండాన్ని వధూవరులకు ముందువైపు, కప్పు అంచుకు దగ్గరగా జరిపితే ఇంకా మంచిది. మండపం చుట్టూ 30 అడుగుల మేర ఎండుటాకులు ఊడ్చి అవతల వేయించండి. అక్కడే తగలబెట్టొద్దు, వేడికి, పొగకు పూత మాడుతుంది. ఇసుక బక్కెట్లు 4, తడి గోనెసంచులు 6, 6 కిలోల పొడి మంటార్పే సిలిండర్లు 2: ఒకటి మండపం దగ్గర, ఒకటి వంట దగ్గర.

వధూవరులు తూర్పుముఖంగా కూర్చుంటారు. ఫిబ్రవరిలో సూర్యోదయం 6:35 ప్రాంతంలో. ఆ వెలుగు నేరుగా వాళ్ల మొహాల మీద పడుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు సూర్యుడు వీపు వెనక ఉంటాడు. మండపానికి తూర్పున దట్టమైన చెట్టు లేకుండా చూసుకుంటే ఫోటోలకు వేరే లైటు అక్కర్లేదు.

ముగ్గుకు అరుగు మీద బియ్యప్పిండి, జనం కూర్చునే వైపు మామూలు ముగ్గుపిండి వాడండి. బియ్యప్పిండికి రాత్రే చీమలు పడతాయి. అరుగు మీదైతే వేకువన ఊడ్చి మళ్లీ వేసుకోవచ్చు, చాపల కింద దూరితే ఏమీ చేయలేం.

పందిరి రాట ఇంట్లో నాటాలా, తోపులోనా అన్నది పెద్దవాళ్లను, పంతులుగారిని ముందే అడగండి. ఇంట్లో ఒక పాలకొమ్మ, తోపులో ఒకటి నాటడానికి చాలామంది పంతుళ్లు ఒప్పుకుంటారు. ఈ ఒక్క మాట అడగకపోవడం వల్లే జేజి (అవ్వ) అలిగి కూర్చునేది.

ఐదో మెట్టు: అరుంధతిని నిజంగా చూపించడం

హాలు పెళ్లిలో పంతులుగారు పైకప్పు వైపు వేలు చూపిస్తే అందరూ చూసినట్టు తలూపుతారు. తోపులో పెళ్లికి ఉన్న అసలు భాగ్యం ఇక్కడే ఉంది. దీన్ని దృష్టిలో పెట్టుకుని ముహూర్తాన్ని ఎంచుకోవడం కూడా తప్పుకాదు.

మాఘంలో సప్తర్షి మండలం రాత్రి 8, 9 మధ్య ఈశాన్యాన లేచి, తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో ఉత్తర దిక్కున బాగా పైకి వస్తుంది. తిరుపతి నుంచి చూస్తే దిగంతానికీ నడినెత్తికీ దాదాపు సగంలో ఉంటుంది. ఐదింటికి కాస్త పడమటికి వాలుతుంది. నాలుగు చుక్కలు చతురస్రంగా, మూడు తోకలా ఉంటాయి. తోక చివరి నుంచి రెండోది వసిష్ఠుడు, దాన్ని ఆనుకుని మిణుకుమనే చిన్న చుక్క అరుంధతి.

ఆ చుక్క కాంతి తక్కువ. 5:40 దాటితే తూర్పు తెల్లబడి మాయమవుతుంది. జీలకర్ర బెల్లం నుంచి మాంగల్యధారణ, తలంబ్రాలు, హోమం, సప్తపది దాటి అరుంధతీ దర్శనానికి వచ్చేసరికి తొందరపడకుండా 50 నిమిషాలు పడుతుంది. కాబట్టి సుముహూర్తం 4:00, 4:45 మధ్య ఉండాలి. 5:15 ముహూర్తమైతే చుక్క దొరకదు, ఆ ఆశ పెట్టుకోకండి.

చెట్టు అడ్డం రాకూడదు. చుక్క 45 డిగ్రీల ఎత్తున ఉంటుంది కాబట్టి 25 అడుగుల చెట్టుకు 25 అడుగులకు మించి ఎడంగా నిలబడాలి. వారం ముందు అదే వేళకు వెళ్లి, ఉత్తరం తెరిపిగా ఉన్న చోటు చూసి అక్కడ ఒక పీట గుర్తు పెట్టుకోండి. సప్తపది అయ్యాక దంపతులను అక్కడిదాకా నడిపించి, మండపం లైను తప్ప మిగతా రెండు లైన్లూ ఆపేయాలి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కనీసం 3 నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ ఫోను లైట్లు ఆపించడమే కష్టమైన పని. దానికి గట్టి గొంతున్న మేనమామను పెట్టండి.

పంతులుగారితో నెల ముందే కూర్చుని క్రతువుల వరస, ఒక్కోదానికి పట్టే సమయం కాగితం మీద రాయించుకోండి. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం, వాద్యాలకు కూడా ఆ నిబంధన వర్తిస్తుంది. మైకు లేకుండా వినిపించే గొంతు ఉన్న పంతులుగారిని చూసుకోండి. 80 మందే కాబట్టి సరిపోతుంది. మంగళవాద్యం గురించి పోలీసుస్టేషనులో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఆరో మెట్టు: ఇంటి వస్తువులు, ఇంటి మనుషులు

కొనుక్కొచ్చిన గడ్డిపూలు, పురికొసలు ఏ ఊరి పెళ్లిలోనైనా ఒకేలా ఉంటాయి. ఈ పెళ్లి మీ ఇంటిదని చెప్పేవి ఇంట్లోని పెట్టెలో, అటక మీద ఉంటాయి.

పాత చీరల పైకప్పు: 12 అడుగుల మండపానికి ఇరువైపుల అవ్వల నూలుచీరలు 4 చాలు. ఒక్కోటి 5.5 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు. పక్కపక్కన పరిస్తే వెడల్పు నిండి, రెండువైపులా మూరెడు పైన వేలాడతాయి. కత్తిరించకుండా వదులు టాకాలతో కలిపి కుట్టండి, హోమగుండం పైన మాత్రం ముందు చెప్పిన ఖాళీ వదలండి. పట్టుచీరలు వద్దు. ఏళ్లతరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చీలుతుంది. నైలాను, పాలిస్టరు చీరలు నిప్పురవ్వ పడితే కరిగి కిందికి కారతాయి, అవి మండపం దరిదాపుల్లోకి రాకూడదు.

వెనక తెరకు శ్రీకాళహస్తి కలంకారీ. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు పలకలు మూడు చెప్పండి. కరక్కాయ, పాలు పట్టించడం, కలంతో గీయడం, రంగు పెట్టిన ప్రతిసారీ ఉతికి ఆరబెట్టడం ఉంటాయి గనుక మూడు నెలల ముందే చెప్పాలి. పురాణ ఘట్టమే కానక్కర్లేదు. మీ ఊరి చెరువు, ఇంటిముందు వేపచెట్టు, తాత ఎద్దులబండి గీయించవచ్చు. పైఅంచున 3 అంగుళాల గొట్టంలా కుట్టించి వెదురుబొంగు దూర్చండి. రాత్రే తగిలిస్తే మంచుకు తడిసి బరువెక్కి కుంగుతుంది, ముహూర్తానికి గంట ముందు తగిలించండి. పెళ్లయ్యాక ఎండలో వదలకుండా తీసేయండి. ఆ తర్వాత అది కొత్త దంపతుల ఇంటి గోడకు.

పూలకుండీలుగా ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, పాత ఊరగాయ జాడీలు. చింతపండుతో తోమితే ఆ రోజుకు మెరుస్తాయి, వారం ముందు తోమితే మళ్లీ నల్లబడతాయి. ప్రతి పాత్ర అడుగున ఇంటిపేరు రాసిన గుడ్డపట్టీ కట్టి, ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. పెళ్లయ్యాక చెంబుల దగ్గర మొదలైన పంచాయితీలు ఏళ్లతరబడి నడుస్తాయి. బంతిపూలు కిలోకు 8 నుంచి 10 అడుగుల దండ వస్తుంది, 200 అడుగులకు 25 కిలోలు తెప్పించండి. ఫిబ్రవరిలో మల్లెలు సరిగా రావు, చామంతి, కనకాంబరాలకు వెళ్లండి. లాంతర్లలో కిరసనాయిలు వద్దు, వాసన కూడుకు పడుతుంది. బ్యాటరీ బల్బులు పెట్టండి. పలమనేరు మట్టి దీపాలు గాలికి ఆరకుండా గాజుగ్లాసుల్లో పెట్టాలి.

పాత ఫోటోలు తీగకు తగిలించాలనుకుంటే నకళ్లు మాత్రమే. పోయిన పెద్దల ఫోటోలు మండపం పక్కన పెట్టడం కొందరికి నచ్చదు. టిఫిన్ తినే చోట పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు, అక్కడే నిలబడి కథలు చెప్పుకుంటారు కూడా.

నలుగు పాటలు, అప్పగింతల పాటలు జేజికి వచ్చు, మనవరాళ్లకు రావు. మూడు నెలల ముందు ఆమెతో పాడించి ఫోనులో రికార్డు చేసి, మాటలు రాసి, నలుగురైదుగురు పిల్లలకు నేర్పండి. వేకువన మైకు ఎటూ లేదు, గొంతుల పాటకు అదే తగిన వేళ. ముందురోజు సాయంత్రం కోలాటం, చెక్కభజన పెట్టుకుంటే 7 నుంచి 9:30 లోపు ముగించండి.

వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికి చెనిక్కాయ ఉండలకు మించింది లేదు. మనిషికి 25 గ్రాములవి రెండు చొప్పున 500 ఉండలకు 8 కిలోల చెనక్కాయ పప్పు, చిత్తూరు బెల్లం ఐదున్నర కిలోలు. పాకం నీళ్లలో వేస్తే టంగుమనే ఉండ కట్టాలి. లేతపాకంలో చేస్తే మూడోరోజుకే జిగురెక్కి పొట్లానికి అంటుకుంటాయి. ఇంటి ఆడవాళ్లంతా వారం ముందు ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతాయి.

తొలి శుభలేఖ శ్రీవారికి పంపే ఆనవాయితీ ఉన్నవాళ్లు నెలకు ముందే పోస్టు చేయండి. దేవస్థానం నుంచి వచ్చే తలంబ్రాలను ఇంటి తలంబ్రాల్లో కలుపుకోవచ్చు. శుభలేఖ మీద ఊరు, మండలం, జిల్లా పూర్తిగా వేయించండి. పెళ్లి రిజిస్ట్రేషనుకు జతచేసేది అదే, దాని మీద "మామిడి తోపు" అని మాత్రమే ఉంటే ఆఫీసులో ప్రశ్నలు వస్తాయి.

ఏడో మెట్టు: కూర్చోవడం, తినడం

ముహూర్తానికి 50 కుర్చీలు, 14 చాపలు. 6 అడుగుల చాప మీద ముగ్గురు హాయిగా కూర్చుంటారు. చాపల కింద టార్పాలిను లేకపోతే నేలచెమ్మ పైకొస్తుంది. చాపలు, దిండ్లు, జంపఖానాలు రాత్రే పరిచి వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు, తెల్లారేసరికి అన్నీ పిండితే నీళ్లు కారేలా ఉంటాయి. రాత్రి మూటగట్టి టార్పాలిను కింద ఉంచి, 3:30కు పరవండి. శాలువాలు 20 మడతపెట్టి ఒక బుట్టలో ఉంచితే పెద్దవాళ్లు దీవిస్తారు.

టిఫిన్ 7 గంటలకు. 750 ఇడ్లీలకు ఇడ్లీబియ్యం 13 కిలోలు, మినప్పప్పు మూడున్నర. పొంగలికి బియ్యం ఎనిమిదిన్నర, పెసరపప్పు 4, నెయ్యి 2 కిలోలకు తగ్గకుండా. సాంబారు 38 లీటర్లు. కాఫీకి పాలు 35 లీటర్లు, పొడి 3 కిలోలు. చలిలో ముహూర్తానికి వచ్చిన 80 మందికి 3:45కే మొదటి విడత కాఫీ అందాలి. అది అందితే తర్వాత ఏ లోటునూ పట్టించుకోరు.

మధ్యాహ్నం అరిటాకులు 290 (చిరిగినవి పోను 250 మిగులుతాయి), బియ్యం 32 కిలోలు, ఓళిగలు 550, అలసంద వడలు, పప్పు, వంకాయ, చారు, పెరుగు. రాగి సంగటి చిన్న ముద్ద పెట్టాలంటే రాగిపిండి 7 కిలోలు, బియ్యం నాలుగున్నర, పక్కన ఊరుబిండి. సంగటి వడ్డనకు అరగంటలోపు కెలకాలి, ముందే చేసి పెడితే రాయి అవుతుంది. బంతికి 100 మంది చొప్పున మూడు బంతులు. మొదటి బంతి 11:30కే మొదలుపెట్టండి, ఒంటిగంట దాటితే ఫిబ్రవరిలోనూ ఎండ చురుక్కుమంటుంది. దుమ్ము లేవకుండా నేలకు నీళ్లు భోజనానికి రెండు గంటల ముందు చల్లాలి, అప్పటికప్పుడు చల్లితే బురద. వంటపొయ్యిలు కొమ్మల కింద కాకుండా 80 అడుగుల అవతల తెరిపిలో.

ఎనిమిదో మెట్టు: అనుమతులు, వాన వస్తే

భూమి యజమానితో రాతపూర్వక ఒప్పందం, పంచాయతీకి, పోలీసుస్టేషనుకు వారం ముందు లిఖితపూర్వకంగా సమాచారం. డ్రోను ఎగరేసేవాళ్లుంటే డిజిటల్ స్కై మ్యాపులో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) ఆ చోటు చూడమనండి. రేణిగుంట విమానాశ్రయం దగ్గరి తోపుల్లో ఇష్టానుసారం ఎగరేయడం కుదరదు, తిరుమల కొండ మీద అసలే కుదరదు.

మాఘంలో వాన అరుదు, అయినా రాదని రాసిచ్చేవాళ్లు లేరు. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న వాటర్‌ప్రూఫ్ షామియానా విప్పకుండా తోపులోనే ఉంచండి. దాని కింద మండపం, 80 మంది పడతారు. మిగతాది టిఫిన్ సంగతి, దానికి ఊళ్లో ఒక చిన్న హాలు మాట్లాడి ఉంచితే చాలు. వాతావరణ శాఖ హెచ్చరిక చూసి 48 గంటల ముందు నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయం ఒక్కరిదే అయి ఉండాలి. ఇరువైపుల పెద్దలందర్నీ అడుగుతూ పోతే వాన వచ్చి వెళ్లిపోతుంది.

చివరి రెండు రోజులు, ఆ తర్వాత

రెండు రోజుల ముందు లైట్లన్నీ వేసి జనరేటరును రెండు గంటలు నడపండి. తప్పులన్నీ ఆ రాత్రే బయటపడాలి. ముందురోజు ఉదయం ట్యాంకులు నింపడం, మధ్యాహ్నంలోపు రెండో అలుకు, సాయంత్రం 5:30కు వేపాకు, సాంబ్రాణి పొగ. దోమలు లేచేది సూర్యాస్తమయం వేళకే, 6:15 తర్వాత పొగ పెట్టి లాభం లేదు. రాత్రి తోపులో ముగ్గురు కాపలా పడుకోవాలి. పెళ్లికొడుకు స్నేహితులు మాత్రం వద్దు, వాళ్లు నిద్రపోరు, మిగతావాళ్లను నిద్రపోనివ్వరు.

మరునాడు తోపు అప్పగించేటప్పుడు రైతుతో కలిసి నడవండి. తాళ్లు, తీగముక్కలు, మేకులు అన్నీ ఏరాలి, ట్రాక్టరు టైరుకు దిగేవి అవే. అరిటాకులు ఆవులకు, మిగిలిన అన్నం, కూరలు ఎరువు గుంతకు. ఉప్పు, నూనె కలిసిన కడుగునీళ్లు చెట్ల మొదళ్లలో పోశారేమో చూడండి, పోసి ఉంటే మంచినీళ్లు ధారాళంగా పట్టించండి. గుంజల గుంతలు పూడ్చాలి. మట్టి అరుగు ఉంచాలా, చదును చేయాలా అన్నది రైతు ఇష్టం. చాలామంది ఉంచమంటారు, మే నెలలో కోసిన కాయ కుప్పపోయడానికి పనికొస్తుంది.